ఎమ్మారైలో గడ్డ కనిపించింది గానీ పేరు తేలలేదు అంటే ఏం చెయ్యాలి

మీ మావయ్యగారి రిపోర్టు, మీరు రాసింది రెండూ నిదానంగా చదివాను. సోంపేట వైపు కొబ్బరి రైతు, యాభై రెండేళ్లు, ఎప్పుడూ లేనిది పోయిన నెల ఫిట్స్ వచ్చి పడిపోయారు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 2.1 ఉందని, నరంలోకి ఎక్కించే కాంట్రాస్ట్ మందు ఇవ్వకుండా ప్లెయిన్ ఎమ్మారై తీశారు, అందులో మెదడు ముందుభాగంలో ఎడమవైపు, అంటే ఎడమ ఫ్రాంటల్ లోబ్‌లో మూడు సెంటీమీటర్ల గడ్డ, మధ్యలో ఒక రంగు, చుట్టూ గోడలాగ ఇంకో రంగు, దాని చుట్టూ వాపు. కింద హై గ్రేడ్ గ్లయోమా (మెదడు కణాల్లోనే పుట్టి వేగంగా పెరిగే కేన్సర్), ట్యుబర్‌క్యులోమా (టీబీ గడ్డ), లింఫోమా (తెల్లరక్తకణాల కేన్సర్) అని మూడు పేర్లూ రాసి, ఎటిపికల్‌గా ఉంది బయాప్సీ, అంటే ముక్క తీసి పరీక్ష, చేయించుకోండి అన్నారు. ఒక డాక్టరుగారు ముందు టీబీ మందులు వాడి చూద్దామంటే ఇంకొకరు స్టెరాయిడ్ మొదలెట్టి వైజాగ్ వెళ్లమన్నారు, ఇంట్లోవాళ్లు బెంగళూరు అంటున్నారు. ఇంత ఖర్చు పెట్టి స్కాన్ తీయించాక కూడా పేరు చెప్పలేకపోతే ఆ స్కాన్ ఎందుకండీ అని అడిగారు.

నేను రేడియాలజిస్టుని, శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ చాలా ఏళ్ల నుంచి ఈ స్కాన్లు చదవడమే నా పని. మీ ప్రశ్న నాకు రిపోర్టులిచ్చే కౌంటర్ దగ్గర ఎప్పుడూ వినిపించేదే, "ఏటి బాబూ, ఇన్ని డబ్బులెట్టి తీయిత్తే ఏటో తెల్దంటారేటి" అని. అది కోపం కాదు, భయం. అందుకే కొంచెం పొడుగైనా అన్నీ రాస్తాను.

అన్నిటికంటే ముందు ఒక మాట. స్టెరాయిడ్ ఇంకా మొదలెట్టకపోతే, ఆపరేషన్ చేసే న్యూరోసర్జన్‌ని అడక్కుండా మొదలెట్టొద్దు, ఎందుకో కింద చెప్తాను. ఫిట్స్ మందు మాత్రం ఒక్క పూట కూడా ఆపొద్దు, అది లెవెటిరాసెటమ్ అయితే కిడ్నీ నుంచి బయటకి పోయే మందు కాబట్టి క్రియాటినిన్ చూసి డోసు సరిచేశారా లేదా అని ఒకసారి అడగండి.

ఇప్పుడు స్కాన్ సంగతి. ఎమ్మారై జబ్బు పేరు చూపించదు, అక్కడ నీరు ఎంత ఉంది, కణాలు ఎంత ఒత్తుగా ఉన్నాయి, పాత రక్తం ఉందా, రక్తనాళాలు కారుతున్నాయా, ఇవి మాత్రమే చూపిస్తుంది. వేరేవేరే జబ్బులు ఇవన్నీ ఒకేలాగ చెయ్యగలవు. మీరు రోజూ చూసే కొబ్బరికాయనే తీసుకోండి, పైనుంచి చూస్తే చిప్ప గుండ్రంగానే ఉంటుంది, లోపల నీళ్లున్నాయా ఎండిందా కుళ్లిందా అన్నది చిప్ప చెప్పదు. మెదడులో ఇలా గోడకట్టిన గడ్డని మేం రింగు అంటాం, అదీ అంతే, మధ్యలో చచ్చిపోయిన పదార్థం, చుట్టూ బతికున్న గోడ. ఆ గోడ గ్లయోమాల్లో బాగా చెడ్డదైన గ్లయోబ్లాస్టోమా కావచ్చు, చీము గడ్డ కావచ్చు, టీబీ కావచ్చు, ఊపిరితిత్తుల నుంచో కిడ్నీ నుంచో వచ్చిన కేన్సర్ ముక్క కావచ్చు, బద్దెపురుగు గుడ్ల వల్ల వచ్చే న్యూరోసిస్టిసర్కోసిస్ కావచ్చు, రెండు మూడు వారాల పాత స్ట్రోక్ కూడా కావచ్చు. బయటి దేశాల పుస్తకాల్లో టీబీ, బద్దెపురుగు చివర్లో వస్తాయి, మన వైపు చదివేవాడు మాత్రం వాటినే ముందు తలుచుకోవాలి, మళ్లీ వాటినే తలుచుకుని మిగతావి మర్చిపోకూడదు, కష్టమంతా అక్కడే ఉంది.

మీ రిపోర్టులో నాలుగో పేరు లేదు, అదే మెటాస్టాసిస్, అంటే వేరే చోట పుట్టి మెదడుకి వచ్చిన కేన్సర్. యాభై దాటిన మనిషికి ఒక్క గడ్డే కనిపించినా ఆ ఆలోచన చెయ్యాలి. దానికి ఛాతీ సీటీ చాలావరకు ఉపయోగపడుతుంది, కాంట్రాస్ట్ లేకుండా తీసినా ఊపిరితిత్తి బాగానే కనిపిస్తుంది, కిడ్నీకి ఇబ్బంది లేదు, టీబీ ఆనవాళ్లూ అందులోనే తెలుస్తాయి. తలలో సూది పెట్టేకంటే ఛాతీలోనో మెడ గడ్డలోనో సూది పెట్టి పేరు తేల్చుకోగలిగితే అంతకన్నా కావాల్సిందేముంది.

కాంట్రాస్ట్ విషయం. కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ ఉద్దానం మనిషి, క్రియాటినిన్ ఎక్కువ అనగానే కాంట్రాస్ట్ మానేయడం మన దగ్గర అలవాటైపోయింది. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు నుంచి వచ్చేవాళ్లలో కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఎంతమంది ఉంటారో నాకు తెలుసు కాబట్టి ఆ జాగ్రత్తని తప్పు పట్టను. అయితే ఎమ్మారై కాంట్రాస్ట్ సీటీ కాంట్రాస్ట్ లాంటిది కాదు, అది గాడోలినియం. దానితో భయపడేది ఎన్ఎస్ఎఫ్ అని చర్మం గట్టిపడిపోయే జబ్బు, అది ఎక్కువగా పాతకాలపు లీనియర్ రకం మందులతో, కిడ్నీ బాగా చెడిపోయినవాళ్లలో వచ్చింది. ఇప్పుడు వాడే మాక్రోసైక్లిక్ రకం, గాడోబ్యూట్రాల్, గాడోటెరేట్ లాంటివాటితో ఆ ప్రమాదం చాలా చాలా తక్కువ. ఇంకోటి, క్రియాటినిన్ అంకె ఒక్కటే చూడకూడదు, దాన్నుంచి ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీ ఎంత వడకడుతోందన్న అంకె, లెక్కకట్టాలి, యాభై రెండేళ్ల మగమనిషికి 2.1 అంటే సుమారు 37 వస్తుంది, జాగ్రత్త పడే గీత 30 దగ్గర ఉంటుంది. క్రియాటినిన్ ఈమధ్య ఒక్కసారిగా పెరిగిందా లేక ఏడాదిగా అక్కడే నిలకడగా ఉందా అన్నది మీ కిడ్నీ డాక్టరుగారిని అడిగి, ఆయన సరేనంటే మాక్రోసైక్లిక్ కాంట్రాస్ట్‌తో స్కాన్ మళ్లీ తీయించడం నా దృష్టిలో మొదటి పని. సగం స్కాన్ మీద మూడు పేర్లు రాసిన రేడియాలజిస్టుని తప్పు పట్టడానికి లేదు, ఆయన చేతిలో ఉన్నదానితో అంతకంటే రాయలేరు.

కాంట్రాస్ట్ లేకుండా తెలిసేవీ ఉన్నాయి, మీ రిపోర్టులో వాటి ప్రస్తావన తక్కువగా ఉంది. డిఫ్యూజన్ అని ఒక సీక్వెన్స్, నీటి కణాలు అటూ ఇటూ ఎంత స్వేచ్ఛగా తిరుగుతున్నాయో చూపిస్తుంది. చీము చిక్కన కాబట్టి చీము గడ్డ మధ్యభాగం అందులో తెల్లగా మెరుస్తుంది, గ్లయోబ్లాస్టోమా మధ్యభాగం సాధారణంగా మెరవదు. లింఫోమాలో కణాలు ఇరుగ్గా ఉంటాయి కాబట్టి గడ్డ గట్టి భాగమే మెరుస్తుంది, ప్లెయిన్ సీటీలో కూడా అది కొంచెం తెల్లగానే కనిపిస్తుంది. టీబీ గడ్డ మధ్యలో జున్నులాంటి పదార్థం గట్టిపడితే టీ2 అనే సీక్వెన్స్‌లో నల్లబడుతుంది, అక్కడి రసాయనాలు చూపించే స్పెక్ట్రోస్కోపీ చేస్తే గ్రాఫులో కొవ్వు శిఖరం పెద్దగా లేస్తుంది. పెర్ఫ్యూజన్‌లో గ్లయోబ్లాస్టోమా గోడకి రక్తప్రవాహం ఎక్కువ, లింఫోమాకీ చీముకీ అంత ఉండదు, ఏఎస్ఎల్ అనే పద్ధతిలో అయితే ఇది కాంట్రాస్ట్ లేకుండానే చెయ్యొచ్చు. కాంట్రాస్ట్ ఇచ్చి తీసినప్పుడు మాత్రం రింగు పూర్తిగా మూసుకోకుండా ఒకవైపు, ముఖ్యంగా మెదడు పై అంచు కార్టెక్స్ వైపు తెరుచుకుని ఉండి, గడ్డ సైజుకి తగ్గ ఒత్తిడి కనిపించకపోతే అది ట్యూమరే కాకపోవచ్చు, ట్యూమర్‌లా కనిపించే డీమైలినేషన్, అంటే నరాల మీది తొడుగు చెడిపోవడం, కావచ్చు, అప్పుడు కత్తి పెట్టకుండానే మందులతో తగ్గే అవకాశం ఉంటుంది.

వీటిలో ప్రతిదానికీ మినహాయింపు ఉంది. ఎయిడ్స్ ఉన్నవాళ్లలో లింఫోమా రింగులాగే వస్తుంది, అందుకే హెచ్ఐవీ పరీక్ష ఎవరికైనా సరే అడుగుతాం, దాన్ని అవమానం అనుకోవద్దు. ఒలిగోడెండ్రోగ్లయోమా నెమ్మదిగా పెరిగే రకమైనా పెర్ఫ్యూజన్ ఎక్కువ చూపించి భయపెడుతుంది. కాంట్రాస్ట్‌కి వెలిగితే చెడ్డది, వెలగకపోతే మంచిది అనే మాట బయట చాలా వినిపిస్తుంది, దాన్ని నమ్మొద్దు. పిల్లల్లో వచ్చే పైలోసిటిక్ ఆస్ట్రోసైటోమా దీపంలా వెలుగుతుంది, అది గ్రేడ్ 1, మొత్తం తీసేస్తే చాలామందికి నయమైపోతుంది. అదే పెద్దవాళ్లలో అసలు వెలగకుండా పైకి నెమ్మదైనదిలా కనిపించిన గడ్డ జీన్ పరీక్షల్లో గ్లయోబ్లాస్టోమాగా తేలిన సందర్భాలున్నాయి. ఎటిపికల్ అని రిపోర్టులో రాయడానికి అర్థం ఇదే, కనిపించే లక్షణాలు ఒకదాన్నొకటి కాదంటున్నాయి, ఒక పేరు మీద చెయ్యి వెయ్యలేను అని. నా మట్టుకు నాకు, తెలియకుండా ఒకటే పేరు గట్టిగా రాసే రిపోర్టు కంటే మూడు పేర్లు రాసి బయాప్సీ అన్న రిపోర్టే నిజాయితీగా కనిపిస్తుంది.

అరుదైన ట్యూమర్లని ఎలా పట్టుకుంటారు అని కూడా అడిగారు కదా. బొమ్మ కంటే ముందు వయసు, చోటు, ఎంత నెమ్మదిగా పెరిగింది, ఈ మూడూ చూస్తాం. పాతికేళ్ల కుర్రాడికి మెదడులో నీళ్లుండే గది వెంట్రికిల్ లోపల నురగలు నురగలుగా గడ్డ ఉంటే సెంట్రల్ న్యూరోసైటోమా గుర్తుకు రావాలి. పెద్దవాళ్లకి చిన్నమెదడులో నీటితిత్తి, గోడకి అంటుకుని బాగా వెలిగే చిన్న బొడిపె ఉంటే హీమాంజియోబ్లాస్టోమా, అప్పుడు కళ్లు, కిడ్నీలు కూడా చూపించాలి, కుటుంబంలో నడిచే వీహెచ్ఎల్ అనే జబ్బు ఉండొచ్చు. చిన్నమెదడులో ఒకవైపు పులిచారల్లాగ గీతలు గీతలుగా ఉంటే లెర్మిట్ డుక్లో అనే అరుదైన గడ్డ, అది చూసినవాళ్లు మర్చిపోరు. మెదడుని కప్పే పొరకి అంటుకుని, ఆ పొరలో పుట్టే మెనింజియోమా లాగే ఉన్నది సాలిటరీ ఫైబ్రస్ ట్యూమర్ అవ్వొచ్చు, రొమ్ము కేన్సర్ పాకింది కూడా అవ్వొచ్చు, పక్కన తోకలాగ వెలుగు కనిపించినంత మాత్రాన మెనింజియోమా అని రాసెయ్యకూడదు. టీ2లో తెల్లగా ఉన్న గడ్డ ఫ్లెయిర్ అనే ఇంకో సీక్వెన్స్‌లో చాలా భాగం నల్లబడి అంచు మాత్రం తెల్లగా మిగిలితే ఐడీహెచ్ అనే జీన్‌లో మార్పు ఉన్న ఆస్ట్రోసైటోమా, అది కూడా ఒక రకం గ్లయోమానే, అని చాలా గట్టిగా అనుమానించొచ్చు, ఈ గుర్తు గురించి 2017లోనే రాశారు.

నెమ్మదిగా పెరిగింది అన్నది ఎలా తెలుస్తుందో ఒకటి చెప్తాను. సాలూరు వైపు నుంచి ఒక అమ్మాయిని తీసుకొచ్చారు, ఇంటర్ చదువుతోంది, చిన్నప్పటి నుంచి ఫిట్స్, కణత వైపు ఉండే టెంపొరల్ లోబ్‌లో చిన్న తిత్తి, పక్కన బొడిపె. బయట ఎక్కడో బద్దెపురుగు అని చెప్పి పురుగుల మందు ఆల్బెండజోల్ రెండుసార్లు వాడించారు, తగ్గలేదు. వాళ్ల నాన్న బట్టల కొట్టు సంచిలో పాత ఫిల్ములన్నీ పెట్టుకొచ్చాడు, మడతలు పడి, మూలలు నలిగి ఉన్నాయి. అందులో కొన్నేళ్ల కిందటి సీటీ ఒకటి దొరికింది, లైటు బాక్స్ మీద పెట్టి చూస్తే గడ్డకి ఎదురుగా ఉన్న పుర్రె ఎముక లోపలి అంచు కొంచెం లోతుగా అరిగి ఉంది. మెత్తటి గడ్డ ఎముకని అలా అరగదీయాలంటే ఏళ్లు పడుతుంది. పురుగు తిత్తి అన్నేళ్లు అదే సైజులో అలా ఉండదు, మామూలుగా ఎండిపోయి సున్నం కట్టేస్తుంది. ఆ ఎముక చూశాకే నెమ్మదిగా పెరిగే ట్యూమర్, గాంగ్లియోగ్లయోమా లాంటిది అని రాశాను, తీసి పరీక్షిస్తే అదే. ఆ సీటీ ఫిల్ము వాళ్లు చెత్తలో పడేసి ఉంటే ఇంకో కోర్సు ఆల్బెండజోల్ పడేది. మీ మావయ్యగారికి కూడా ఎప్పుడైనా తలకి దెబ్బ తగిలినప్పుడో, తలనొప్పికో తీసిన సీటీ ఇంట్లో ఉందేమో బీరువా వెతకండి, పదేళ్ల నాటిదైనా సరే.

ఇప్పుడు స్టెరాయిడ్. లింఫోమా మీద స్టెరాయిడ్ చాలా వేగంగా పని చేస్తుంది, కణాలు చచ్చిపోయి గడ్డ కరిగిపోతుంది, కొన్నిసార్లు కొద్ది రోజుల్లోనే. దాంతో జబ్బు పోయిందనుకుంటాం, కానీ పోదు. రాజాం దగ్గర ఒక రిటైర్డ్ మాస్టారు, కుడివైపు లోతుగా గడ్డ, బయట ఒకచోట డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చి పంపించేశారు, మూడు వారాల తర్వాత నా దగ్గర స్కాన్ తీస్తే గడ్డ దాదాపు మాయం. ఇంటిల్లిపాదీ అరసవల్లి వెళ్లి మొక్కు తీర్చుకున్నారు. నాకు మాత్రం ఆ స్కాన్ చూసి గుండె జారింది, వాళ్ల అబ్బాయిని పక్కకి పిలిచి ఇది మళ్లీ వస్తుంది, నెల తిరక్కుండా స్కాన్ తీయండి అని చెప్పాను. వచ్చింది, రెండు చోట్ల వచ్చింది. అప్పుడు స్టెరాయిడ్ ఆపి, ఆగి, బయాప్సీ చేయాల్సి వచ్చింది, ఆ మధ్యలో పోయిన కాలం మనిషిని చాలా నీరసపరిచింది. లింఫోమా అయితే గడ్డ మొత్తం కోసి తీసే పెద్ద ఆపరేషన్ అవసరం ఉండదు, సూదితో ముక్క తీసి పేరు తేల్చుకుని మెథోట్రెక్సేట్ లాంటి కీమో ఇస్తారు. ఆ మెథోట్రెక్సేట్ ఎక్కువ మోతాదులో ఇవ్వాలంటే కిడ్నీ బాగుండాలి, మీ కేసులో అది ఇప్పటి నుంచే ఆలోచించాల్సిన విషయం, అందుకే కిడ్నీ డాక్టరుగారు మొదటి నుంచీ పక్కనే ఉండాలంటున్నాను. ఇక మినహాయింపు ఏమిటంటే, మనిషి మత్తుగా అయిపోవడం, ఆగకుండా వాంతులు, ఒక కన్ను పాప పెద్దదవ్వడం, చెయ్యీ కాలూ పడిపోవడం ఇవి కనిపిస్తే లింఫోమా లెక్కలు పక్కన పెట్టి వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి, అక్కడ ప్రాణం కోసం స్టెరాయిడ్ ఇస్తే ఇవ్వనివ్వండి.

టీబీ మందులు వాడి చూద్దాం అన్నదాని మీద నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఛాతీలో టీబీ ఉందనో, కఫంలోనో గడ్డ నీళ్లలోనో టీబీ క్రిమి జీన్‌ని పట్టే జీన్ఎక్స్‌పర్ట్ పరీక్ష పాజిటివ్ అనో ఆధారం ఉంటే వెంటనే మొదలెట్టాల్సిందే. ఏ ఆధారం లేకుండా, మూడు సెంటీమీటర్ల గడ్డకి, బయాప్సీకి అందే చోట ఉన్నదానికి, ఊరికే వాడి చూడటం మంచిది కాదు. టీబీ గడ్డ మందులతో తగ్గడానికి నెలలు పడుతుంది, మొదట్లో మందులు పనిచేస్తూ కూడా గడ్డ పెరిగినట్టు కనిపించొచ్చు, అంటే రెండు నెలల తర్వాత పెరిగినా తగ్గినా మనకి ఏమీ తేలదు. పైగా మెదడు టీబీకి మందులతోపాటు స్టెరాయిడ్ కూడా ఇస్తారు, లింఫోమా అయితే ఆ స్టెరాయిడ్‌కే తగ్గి టీబీ మందులకి తగ్గిందనుకుంటాం. గ్లయోబ్లాస్టోమా అయితే రెండు నెలలు అంటే చాలా ఎక్కువ కాలం.

కాబట్టి బయాప్సీ. స్టీరియోటాక్టిక్ అంటారు, పుర్రెకి చిన్న రంధ్రం పెట్టి స్కాన్ లెక్కల ప్రకారం సూది పంపిస్తారు, నూటికి తొంభై మందికి పైగా పేరు తేలుతుంది, రక్తస్రావం ప్రమాదం ఉంది గానీ తక్కువ. సర్జన్‌గారితో ముందే మాట్లాడాల్సినవి కొన్ని ఉన్నాయి. ముక్క గోడలోంచి తీయాలి, మధ్యలోంచి తీస్తే చచ్చిన పదార్థమే వస్తుంది, ఆ గోడ ఎక్కడుందో తెలియడానికే కాంట్రాస్ట్ స్కాన్ కావాలన్నాను. రక్తం పలచబడే మాత్రలు ఏవైనా వాడుతుంటే చెప్పండి. అన్నిటికంటే ముఖ్యం, తీసిన ముక్కంతా ఫార్మాలిన్‌లో వేసెయ్యకూడదు. ఫార్మాలిన్‌లో పడితే క్రిములు చచ్చిపోతాయి, ఇక కల్చర్‌కి పనికిరాదు. కొంచెం ముక్క స్టెరైల్ సెలైన్‌లో వేరే సీసాలో మైక్రోబయాలజీకి వెళ్లాలి, జీన్ఎక్స్‌పర్ట్, టీబీ కల్చర్, ఫంగస్, మామూలు కల్చర్ అన్నిటికీ. మీ రిపోర్టులో టీబీ పేరు ఉంది కాబట్టి ఇది తప్పకుండా అడగండి, థియేటర్‌కి వెళ్లే ముందు రోజే అడగండి, సీసా సిద్ధంగా లేకపోతే ఆ హడావుడిలో ఎవరికీ గుర్తుండదు.

2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మెదడు ట్యూమర్ల వర్గీకరణ మార్చింది, అయిదో ఎడిషన్, ఇప్పుడు చాలా ట్యూమర్లకి మైక్రోస్కోప్‌లో కనిపించినదానికి జీన్ మార్పులు కూడా కలిపితేనే పూర్తి పేరు. గ్లయోమా అని వస్తే ఐడీహెచ్, ఏటీఆర్ఎక్స్, 1పీ19క్యూ, టెర్ట్ లాంటివి అడగాలి, చికిత్స వాటి మీద ఆధారపడుతుంది. ఇవన్నీ ఒకే చోట జరగాలని లేదు, తీసిన ముక్కని భద్రపరిచే మైనపు బ్లాక్ తీసుకెళ్లి వేరే ల్యాబ్‌లో చేయించొచ్చు. ఆ బ్లాకులూ స్లైడులూ మీరు రాతపూర్వకంగా అడిగి తీసుకుని జాగ్రత్త చేసుకోండి.

ఎక్కడికి వెళ్లాలి అంటే, బయాప్సీకి వైజాగ్ సరిపోతుంది. ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌లో న్యూరోసర్జరీ ఉంది, అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా కేన్సర్ హాస్పిటల్ ఉంది, ప్రైవేటులోనూ చేస్తారు, ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏది వస్తుందో హాస్పిటల్‌లో ఉండే ఆరోగ్యమిత్రని ముందే అడగండి. బెంగళూరు నిమ్హాన్స్, వెల్లూరు సీఎంసీ, హైదరాబాద్ నిమ్స్ గొప్ప చోట్లే, రెండో అభిప్రాయానికి వెళ్లొచ్చు. అయితే ఫిట్స్ వచ్చే మనిషిని రాత్రంతా రైల్లో కూర్చోబెట్టేకంటే ముందు స్కాన్ వెళ్లడం మంచిది. ఫిల్ము ఫోటో తీసి వాట్సాప్‌లో పంపితే ఎవరూ సరిగా చూడలేరు, సెంటర్‌లో డైకామ్ సీడీ, అంటే అసలు స్కాన్ ఫైళ్లున్న సీడీ, అడగండి, సీడీ గీతలు పడిపోతుంది కాబట్టి పెన్‌డ్రైవ్‌లో కూడా వేయించుకోండి.

బయాప్సీ రిపోర్టులో ఒక్కోసారి గ్లయోసిస్ (మెదడులో మచ్చ కట్టినట్టు) అనో, నెక్రోసిస్ (చచ్చిన పదార్థం) మాత్రమే ఉంది అనో వస్తుంది. చాలామంది దాన్ని చూసి కేన్సర్ లేదంట అని ఊపిరి పీల్చుకుని ఇంటికి వచ్చేస్తారు. దాని అర్థం అది కాదు, సూది గడ్డ పక్కన పడి ఉండొచ్చు. అలాంటి రిపోర్టు వస్తే బయాప్సీ తర్వాత తీసిన సీటీలో రంధ్రం జాడ ఎక్కడ ఉందో రేడియాలజిస్టు, పాథాలజిస్టు, సర్జన్ ముగ్గురూ కూర్చుని చూడాలి, సూది గోడలో పడలేదని తేలితే రెండోసారి బయాప్సీకి వెనకాడకండి, అప్పటిదాకా స్టెరాయిడ్ వద్దన్న మాట అప్పుడు కూడా వర్తిస్తుంది.